పత్తి పోయిన ఏడు, బడి వరండాలో

నేను చచ్చిపోయాననుకుని సగం ఊరు బడికి పరుగెత్తుకొచ్చిన సాయంత్రం ఒకటుంది. మా ఆసనాల సంగతి అక్కడే మొదలైంది.

ఆ రోజు బడి వదిలేశాం. పిల్లలు వెళ్లిపోయారు. హెడ్మాస్టరుగారు చిలకలూరిపేట బస్సు అందుకోవాలని గంట కొట్టీ కొట్టగానే బయల్దేరారు. నేను మూడో తరగతి గది తలుపు ఓరగా వేసి, నేల మీద దుప్పటి పరుచుకుని, నాకొచ్చిన నాలుగు ఆసనాలూ వేసి, చివర్లో వెల్లకిలా పడుకున్నాను. కాళ్లు ఎడంగా, అరచేతులు పైకి, కళ్లు మూసుకుని. గుంటూరులో టీచరు ట్రైనింగు చదివేటప్పుడు బ్రాడీపేటలో మేమున్న హాస్టలు వార్డెన్‌గారు మా చేత రోజూ ఇవన్నీ చేయించేవారు. ఉద్యోగం వచ్చి ఈ పల్లెలో పడ్డాక, రోజంతా నిలబడి పాఠాలు చెప్పి నడుము పట్టేస్తుంటే, ఆ అలవాటు మళ్లీ బయటికి తీశాను.

తలుపు కిర్రుమంది. "టీచరుగారూ" అని ఎవరో పిలిచారు. ఊపిరి సగంలో ఉంది. వదిలాక పలుకుదామనుకున్నాను. ఆ కాస్త ఆలస్యం చాలింది.

"అమ్మో! టీచరమ్మ మందు తాగిందర్రో! రండర్రో!"

నేను లేచి కూర్చునేసరికి గుమ్మంలో ఎవరూ లేరు. కేక మాత్రం వీధి మలుపు దాటి వినబడుతోంది. దుప్పటి అలాగే వదిలేసి, జుట్టు ముడి ఊడిపోతుంటే చేత్తో పట్టుకుని, బయటికి వచ్చాను. అప్పటికే జనం వస్తున్నారు. ఎవరో బండి కట్టమని అరుస్తున్నారు. ముసలాయన ఒకాయన చెప్పుల్లేకుండా, కండువా ఎక్కడో పడేసుకుని వస్తున్నాడు. బడి ముందు నిలువుగా నిలబడి ఉన్న నన్ను చూసి అందరూ ఆగిపోయారు.

కేక వేసినావిడ మా మూడో తరగతి పిల్ల తల్లి. కూతురు మర్చిపోయిన పలక కోసం వచ్చిందట. నన్ను చూసి అక్కడే మట్టిలో కూలబడింది. తర్వాత లేచి వచ్చి నా భుజం మీద గట్టిగా ఒకటి వేసింది.

"ఏం ఆటలమ్మా ఇయ్యి? ఈ ఏడు ఆడే ఆటలేనా?"

ఆ దెబ్బకు నాకు కోపం రాలేదు. కొట్టిన చేత్తోనే ఆవిడ ఊడిపోయిన నా జుట్టు ముడి వేసింది.

ఎనభైల చివర్లో, మా వైపు పత్తి పండించిన వాళ్లకు ఆ ఏడు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తెల్లదోమ పట్టింది. ఆకు కింద బూడిద చల్లినట్టు కూర్చునేది, చెట్టు కదిలిస్తే పొగలా లేచేది. ఆకులు జిగురు పట్టి, నల్లబడి, ముడుచుకుపోయాయి. ఒక మందు కొట్టారు. అది పనిచేయలేదని ఇంకోటి తెచ్చారు. రెండూ కలిపి కొట్టారు. ఊళ్లో ఏ వీధిలోకి వెళ్లినా ఆ వాసనే. కాఫీలో కూడా ఆ వాసనే అనిపించేది. దోమ చావలేదు. చుట్టుపక్కల ఊళ్లలో అప్పులపాలై, ఆ మందే తాగి మనుషులు చావడం మొదలైంది. ప్రతి ఇంట్లోనూ ఆ డబ్బాలుండేవి, అటక మీదో, మంచం కిందో. సాయంత్రం బస్సు దిగినవాళ్లను మొదట అడిగే మాట, ఈ రోజు ఏ ఊళ్లో అని.

అలాంటి రోజుల్లో నేను కదలకుండా పడుకున్నాను.

రెండు రోజులయ్యాక ఆవిడే మళ్లీ బడికి వచ్చింది. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. నాకంటే పదేళ్లు పెద్ద. గట్టి మనిషి, గట్టి గొంతు, ఇంట్లో పాడీ పనీ అంతా తన మీదే. వరండా మెట్టు మీద కూర్చుని, చాలాసేపు పిల్ల చదువు గురించి అడిగి, చివరికి అసలు సంగతికి వచ్చింది.

"ఆ రోజు పండుకున్నావు చూడూ, అట్టా పండుకుంటే నిద్ర పడుతుందా?"

"నిద్ర కాదక్కా. ఒళ్లు వదులవుతుంది."

"నాకు నిద్ర పట్టి ఎన్నాళ్లయిందో తెలీదు. గుండె ఊరికే దడదడలాడుద్ది. అదేదో నాకూ చెప్పు."

మర్నాడు ఆవిడ ఒక్కతే రాలేదు. పక్కింటి తోడికోడళ్లను వెంటబెట్టుకొచ్చింది. నేను అద్దెకున్న ఇంటావిడ కూడా వచ్చింది. నేను పిన్నీ అని పిలిచేదాన్ని. దూదేకులవాళ్లు. భర్త ఊళ్లు తిరిగి దూది ఏకితే, ఈమె ఇంటి దగ్గర పరుపులూ బొంతలూ కుట్టేది. వంగి కుట్టీ కుట్టీ మెడ తిప్పలేకపోయేది. తర్వాత ఊరి బయటి పాలెం నుంచి కూలికెళ్లే ఆడవాళ్లు కొందరు వచ్చారు. వాళ్లలో పెద్దామె ఒకామె చర్చిలో నా పక్కన కూర్చునేది. నా తల్లిదండ్రులదీ గుంటూరు దగ్గర అలాంటి పాలెమే కాబట్టి, నన్ను సొంత మనిషిలా చూసేది.

బడి వదిలాక, గేదెల పాల వేళకు ముందు, దొరికిన ఆ కాస్త సమయంలో వరండాలో చేరేవాళ్లం. మంత్రాలేమీ లేవు. నాకు రావు కూడా. ఊపిరి పీల్చడం, వదలడం, వంగడం, లేవడం, అంతే. దేవుళ్ల దగ్గర మాకు పేచీ రాలేదు. పేచీ వచ్చింది చాపల దగ్గర. ఊళ్లోవాళ్లు ఒకవైపు పరుచుకునేవాళ్లు, పాలెం వాళ్లు ఇంకోవైపు. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉండేది. నేను ఆ ఖాళీలో నా దుప్పటి వేసుకుని కూర్చునేదాన్ని. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ దగ్గరికీ జరగలేదు.

వంగమంటే నాకంటే బాగా వంగేవారు. పొద్దస్తమానం కలుపు తీసే నడుములవి. చీర కుచ్చెళ్లు దోపుకుని, అరచేతులు నేలకు ఆనించి, "ఇంతేనా?" అన్నట్టు నా వైపు చూసేవారు. ఒంటికాలి మీద నిలబడమంటే మాత్రం ఒకరి మీద ఒకరు పడేవాళ్లు. ఒకసారి పిన్ని పడబోయి అక్క కొంగు పట్టుకుంది, అక్క పడబోయి వరండా స్తంభం పట్టుకుంది. ఆ రోజు నవ్విన నవ్వుకు ఒకామెకు కళ్లనీళ్లు వచ్చాయి. "నవ్వి ఎన్నాళ్లయిందే" అంటూ తుడుచుకుంది. మేం నవ్వుతుంటే దారిన పోయే మగవాళ్లు ఆగి చూశారు. ఆ చూపు నాకు నచ్చలేదు.

కదలకుండా పడుకోవడమే అందరికీ కష్టమైంది. శవాసనం అని పేరు చెప్పగానే మొదటి రోజు అందరూ లేచి కూర్చున్నారు.

"శవమా? ఆ మాట ఎత్తమాక తల్లీ," అంది పిన్ని. "ఊళ్లో అసలే బాగా లేదు."

అప్పటి నుంచి దానికి పడక అని పేరు పెట్టుకున్నాం. "ఇక పడకెయ్యండి" అనేదాన్ని. పడుకునేవాళ్లు. కళ్లు మాత్రం మూసేవాళ్లు కాదు. అక్కయితే మరీ. తల వరండా బయటికి తిప్పి, వాళ్ల ఇంటి కప్పు కనబడేలా పడుకునేది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఒక రోజు దగ్గరికి వెళ్లి కూర్చుని, నెమ్మదిగా అడిగాను.

"ఒక్క నిమిషం కళ్లు మూసుకో అక్కా. ఏమవుతుంది?"

"ఏమన్నా అవుద్దనే మూయట్లా." వాళ్ల ఇంటి కప్పు వైపే చూస్తూ చెప్పింది. "మా ఆయన ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. మందు డబ్బా అటక మీద ఉంది."

అవతలి చాప మీది నుంచి ఒకామె, "నేను పేడదిబ్బలో పాతిపెట్టా," అంది. ఇంకొకామె గడ్డివాములో దోపిందట. ఒకామె బియ్యం కుండ వెనక దాచి, పిల్లలు ఎక్కడ తాకుతారోనని రోజంతా ఆ గదికే కాపలా కాస్తోందట. ప్రతివాళ్లూ ఎవరికీ చెప్పకుండా దాచుకున్నారు. ఎదుటి ఇంట్లోనూ అదే భయం ఉందని ఎవరికీ తెలియదు.

పాలెం పెద్దామె లేచి కూర్చుంది. "మా ఇళ్లల్లో డబ్బాలుండవమ్మా. మీ చేలల్లో కొట్టీ కొట్టీ మా ఒంట్లోనే ఉంది మందు. మా వాడికి అన్నం సయించట్లా, వాంతులు."

అక్క ఆమె వైపు తిరిగి చూసింది. ఆ మాట విన్నది.

డబ్బాలన్నీ ఒకచోట చేర్చి తాళం వేద్దామన్న మాట మొదట ఎవరన్నారో గుర్తులేదు. బడి బీరువాలో పెడదామన్నారు కొందరు. నేను గట్టిగా వద్దన్నాను. పిల్లలు తిరిగే చోటు. అప్పుడు అక్క వాళ్ల పొగాకు బ్యారన్ సంగతి వచ్చింది. పొగాకు మానేసి పత్తికి దిగాక, ఆకు కాల్చే ఆ ఎత్తైన ఇటుకల కట్టడం ఊరి చివర ఖాళీగా పడి ఉంది. కిటికీలు లేవు. ఇనప తలుపు.

"తాళం ఎవరి దగ్గరుండాలి?" అంది పిన్ని.

అందరూ నా వైపు చూశారు. నాకు మొగుడు లేడు, చేను లేదు, దాచుకోవలసిన డబ్బా లేదు. నేను కాదనలేకపోయాను.

ఒక్క రోజులో కాలేదు. గడ్డిమోపుల్లో, పేడ తట్టల్లో, కొంగుల కింద, ఒక్కో డబ్బా బ్యారన్ చేరింది. మూత గట్టిగా ఉందో లేదో చూసి, గోనెసంచి కప్పి, లోపల పెట్టి తాళం వేసేదాన్ని. తాళంచెవికి నల్లదారం కట్టి జాకెట్టు లోపల వేసుకున్నాను. నడుస్తుంటే అది ఒంటికి చల్లగా తగిలేది. ఆ రోజుల్లో పిల్లలకు ఎక్కం చెబుతూ మధ్యలో మర్చిపోయేదాన్ని.

భర్తలకు తెలియకుండా ఎన్నాళ్లుంటుంది? ముందు తెలిసింది అక్క భర్తకే.

పొద్దున్నే నేను తల దువ్వుకుంటుంటే ఆయన మా గుమ్మం ముందు నిలబడ్డాడు. పొడుగాటి మనిషి. గడ్డం పెరిగి ఉంది. అంతకుముందు ఎప్పుడు కనబడినా "బాగున్నావా అమ్మాయ్" అని పలకరించి వెళ్లేవాడు. ఆ రోజు కూడా గొంతు పెంచలేదు.

"అమ్మాయ్, బ్యారన్ తాళం నీ కాడుందంట."

చెయ్యి జాకెట్టు మీదికి పోకుండా దువ్వెన గట్టిగా పట్టుకున్నాను.

"మా బ్యారనే అది. తాళం మాదే. చేలోకి పోవాలి. ఇయ్యి."

"అక్కను అడగండి."

"అక్కే చెప్పింది నీ కాడుందని."

పిన్ని లోపల్నుంచి వచ్చింది, చేతిలో పరుపు కుట్టే పెద్ద సూది అలాగే ఉంది. "ఏం కొడతావయ్యా చేలో? నిన్న మీ గట్టు మీదగానే వచ్చా. ఆకన్నది లేదు."

"నువ్వు మాట్లాడమాక. నీకెందుకు?"

"నాకెందుకా? ఆ పిల్ల నా ఇంట్లో ఉంటంది. నా గడపలో నిలబడి అడుగుతున్నావు. అందుకు."

ఆయన పిన్నిని కాకుండా నన్నే చూశాడు. అరిచి ఉంటే నాకింత భయం వేసేది కాదు. అలసిపోయినవాడిలా, ఏదో ముందే తేల్చుకున్నవాడిలా మాట్లాడాడు.

"సాయంత్రం బడికొస్తా. అప్పుడూ లేదంటే తలుపు పగలగొడతా."

ఆ రోజు బడిలో ఏం చెప్పానో నాకే తెలియదు. వాళ్ల వస్తువు, వాళ్ల తాళం, నేనెవరు ఆపడానికి? ఊరి పెద్దలు ఒక్క అర్జీ పెడితే నా ఉద్యోగం ఎక్కడికో ఎగిరిపోతుంది. ఒంటరి ఆడపిల్లను, పాలెం మనిషిని, ఊళ్లో మగవాళ్ల మందు దాచిపెట్టాను. ఇంకో ఆలోచన కూడా ఉంది. అది వచ్చినప్పుడల్లా పక్కకు నెట్టేశాను. నిజంగా ఆయన చేలో కొట్టడానికే అడుగుతుంటే? నిజంగా అందుకు కాకపోతే?

సాయంత్రం ఎప్పటికంటే ఎక్కువమంది వచ్చారు. అంతకుముందు రానివాళ్లూ వచ్చారు. ఎవరు ఎవరికి చెప్పారో. అక్క వచ్చి తన చాప నా పక్కనే వేసింది. ఆ రోజు నేను ఆసనాలు చెబుతుంటే నా గొంతు నాకే పల్చగా వినబడింది. ఊపిరి పీల్చమన్నాను, వదలమన్నాను. అందరూ చేశారు. చెవులు మాత్రం వీధిలో ఉన్నాయి.

పడక వేసే వేళకు వచ్చారు. ఆయనా, ఇంకో ఇద్దరూ. ఆ ఇద్దరి డబ్బాలూ మా దగ్గరే ఉన్నాయి.

"ఇదంటయ్యా ఈళ్ల యోగాలు," అన్నాడు ఒకాయన. "పండుకుని మొగుళ్ల మీద కుట్రలు."

ఆడవాళ్లు కొందరు తటాలున లేచి కొంగులు సర్దుకున్నారు. అక్క లేవలేదు. వెల్లకిలా అలాగే పడుకుని ఉంది. ఆమె భర్త మెట్టెక్కి నా ముందుకు వచ్చాడు.

"తాళం ఇయ్యమ్మాయ్."

"ఆ పిల్లనెందుకు అడుగుతావ్?" అక్క పడుకునే అంది. తర్వాత మెల్లగా లేచి, జుట్టు ముడి వేసుకుని, ఆయనకూ నాకూ మధ్యకు వచ్చి నిలబడింది. "దాచింది నేను. నన్నడుగు."

"సరే, నువ్వియ్యి."

"ఎందుకు?"

"ఎందుకేంటి? మందు కొట్టడానికి."

"దేనికి కొడతావ్?"

ఆయన తాళం కోసం చెయ్యి చాచాడు.

"చేలో ఏముందని కొడతావయ్యా?"

ఆ మాట అక్క అరవలేదు. కానీ వరండాలో ఉన్న ప్రతివాళ్లూ విన్నారు. ఊళ్లో అప్పటిదాకా ఎవరూ పైకి అనని మాట అది. ఇంకోసారి కొడితే కోలుకుంటుంది, వాన పడితే చిగురేస్తుంది, పై కాపు దక్కుతుంది, ఇలాంటి మాటలతోనే అందరూ రోజులు నెట్టుకొస్తున్నారు. భార్యలు కూడా అవే మాటలు అన్నారు. ఆయన ముఖంలో రంగు పోయింది. వెంట వచ్చిన ఇద్దరూ నేల చూశారు. చెయ్యి చేసుకుంటాడేమోనని నేను అక్క వెనక నుంచి ఒక అడుగు ముందుకు వేశాను. పిన్ని ఇంకో అడుగు వేసింది.

అప్పుడు పాలెం పెద్దామె కల్పించుకుంది. "బాబూ, కొట్టాలంటే కొడదాం. రేపు పొద్దున్నే నీళ్లు నేను మోస్తా."

"అవును," అంది అక్క వెంటనే, ఊతం దొరికినట్టు. "మేమందరం వస్తాం. తాళం మేం తీస్తాం, డబ్బా మేం తెస్తాం. అందరి ముందూ కొడదువుగాని. నీ ఒక్కడి చేతికి మాత్రం ఇయ్యను. కావాలంటే ఇప్పుడే తలుపు పగలగొట్టుకో, మేం తలుపుకు అడ్డం కూర్చుంటాం."

ఆయన ఆమెను చాలాసేపు చూశాడు. మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆ ఇద్దరూ కాసేపు నిలబడి, ఏం చేయాలో తోచక వాళ్లూ వెళ్లిపోయారు.

"రేపు పొద్దున్నే," అంది అక్క మాతో. పాల వేళ దాటిపోతోందని గబగబా చాప చుట్టుకుని వెళ్లింది.

మర్నాడు వెలుగు రాగానే బ్యారన్ దగ్గర చేరాం. మంచు పడి ఇనప తలుపు తడిగా ఉంది. తాళం అలాగే ఉంది. అందరం వచ్చాం, అక్క రాలేదు. పాలెం పెద్దామె బిందె పక్కన పెట్టుకుని కూర్చుంది. నేను దారి వైపే చూస్తూ నిలబడ్డాను. చివరికి అక్క వచ్చింది, పరుగెత్తుకుంటూ.

"ఇక్కడికొచ్చాడా?"

రాలేదన్నాం.

"మంచం మీద లేడు. రాత్రి అన్నం తిన్నాడు, పండుకున్నాడు. నేను కూడా... నాకు కన్ను మూతబడింది. ఇన్నాళ్లకు నిన్ననే నిద్ర పట్టింది, చూడు."

ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది. నిద్ర పట్టడానికే కదా ఆమె నా దగ్గరికి వచ్చింది.

తాళం భద్రంగా ఉంది. కానీ ఊళ్లో బావులున్నాయి. పక్క ఊళ్లో మందుల కొట్టు ఉంది. కొందరు బావుల వైపు, కొందరు బస్సు రోడ్డు వైపు పరుగెత్తారు. అక్కా, నేనూ, పిన్నీ, పాలెం పెద్దామె చేను దారి పట్టాం. నల్లరేగడి మంచుకు తడిసి కాళ్లకు ముద్దలు ముద్దలుగా పట్టుకుంటోంది. అడుగు తీసి అడుగు వేయడమే కష్టంగా ఉంది. అక్క చెప్పులు వదిలేసింది. ఊపిరే వినబడుతోంది, నలుగురిదీ.

చేను కనబడింది. మనిషి కనబడలేదు. పత్తి చెట్లు ఆకుల్లేకుండా నల్లగా, నడుమెత్తు నిలబడి ఉన్నాయి. అక్క గట్టు మీద ఆగిపోయింది. ముందుకు వెళ్లలేకపోయింది. నేను దిగబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

అప్పుడు చేను అవతలి కొసన ఒక చెట్టు కదిలింది. గాలి లేదు. చెట్టు మళ్లీ కదిలింది, పక్కకు వాలింది, కనబడకుండా పోయింది. దాని పక్కది కదిలింది.

ఆయన వంగి పత్తి చెట్లు పీకుతున్నాడు. ఎప్పుడు మొదలుపెట్టాడో, వెనక చాలా దూరం చెట్లు పడిపోయి ఉన్నాయి. అరచేతులు చెక్కుకుపోయి, నెత్తుటితో మట్టి కలిసి నల్లగా ఉన్నాయి. మేం దగ్గరికి వెళ్లినా తలెత్తలేదు.

"ఇంకెన్నాళ్లు చూస్తాం దీన్ని," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. "శనగన్నా చల్లుకోవచ్చు."

అక్క ఏడవలేదు. తిట్టనూ లేదు. కొంగు దోపుకుని పక్క సాలులోకి దిగి, మొదటి చెట్టు రెండు చేతులతో పట్టుకుని లాగింది. రాలేదు. పాలెం పెద్దామె వచ్చి పట్టింది. ఇద్దరూ కలిసి లాగితే ఊడి వచ్చింది. పిన్నీ నేనూ ఇంకో సాలులో మొదలుపెట్టాం. కాసేపటికి బావుల వైపు వెళ్లినవాళ్లూ, రోడ్డు వైపు వెళ్లినవాళ్లూ వచ్చారు. బడి వేళ అయ్యేదాకా పీకాను. పాలెం పెద్దామె నాకంటే ముందే వెళ్లిపోయింది, ఆ రోజు మిరపచేలో కూలికి ఒప్పుకుందట. పోతూ పోతూ ఆయనతో, "గంజి తాగి పీకు బాబూ, పడిపోతావు," అంది. ఆయన తల ఊపాడు.

డబ్బా ఆయన మళ్లీ అడగలేదు.

తర్వాత నెల రోజుల్లో ఊళ్లో చాలామంది పత్తి పీకేశారు. ఏ చేలో కంప పీకినా మా ఆడవాళ్లు కొందరైనా వెళ్లేవారు. మగవాళ్లను ఒంటరిగా వదలకూడదని ఎవరూ పైకి అనలేదు, అంతే. కొందరు మగవాళ్లు నన్ను చూస్తే ముఖం తిప్పుకునేవారు. హెడ్మాస్టరుగారు పిలిచి, "బడి మీదికి తగువు తేవద్దమ్మా," అన్నారు. తేనని చెప్పాను. వరండా మాత్రం వదులుకోలేదు.

అన్నీ మంచిగానే ముగిశాయని చెప్పలేను. మా వరండాకు రాని ఇల్లు ఒకటి, ఊరికి ఆ చివరన ఉండేది. ఆ ఇంటాయన బజారుకని వెళ్లి, కొట్లో కొనుక్కుని, చేలోకి వెళ్లాడు. మా బ్యారన్ తాళం ఆయన్ను ఆపలేకపోయింది. ఆ ఇంటి ముందు నిలబడి నేను ఏడ్చిన ఏడుపులో దుఃఖం ఎంతో, మేం ఆ వీధికి ఎందుకు వెళ్లలేదన్న కోపం అంత. అక్క ఏడవడం ఆపి, ఆ ఇంట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించింది. కొన్నాళ్లకు ఆ చనిపోయినాయన భార్యను చెయ్యి పట్టుకుని బడికి తీసుకొచ్చింది. ఆమె ఆసనాలేమీ వేయలేదు. గోడకు ఆనుకుని కూర్చునేది. మేం ఊపిరి పీలిస్తే ఆమె కూడా పీల్చేది. అది చాలనుకున్నాం.

వేసవిలో నాకు వేటపాలెం వైపు బదిలీ అయింది. తాళంచెవి అక్క చేతిలో పెట్టాను. పిన్ని నాకు బొంత కుట్టి ఇచ్చింది. అక్క భర్త బస్సు దాకా నా ట్రంకుపెట్టె మోసుకొచ్చాడు, దారిలో ఒక్క మాట మాట్లాడకుండా. బస్సు కదిలేటప్పుడు మాత్రం, "అప్పుడప్పుడూ రా అమ్మాయ్," అన్నాడు.

వెంటనే వెళ్లలేకపోయాను. మరుసటి ఏడు శనగ పీకే రోజుల్లో కుదిరింది. బస్సు దిగి బడి వైపు నడుస్తుంటే, దూరం నుంచే అక్క గొంతు వినబడింది. పొలంలో ఎడ్లను అదిలిస్తున్నట్టు ఉంది.

"పీల్చండే! ఇంకా పీల్చండి! ఏయ్, నువ్వు మాటలాపు! ఊఁ, ఇప్పుడు వదలండి!"

నేను స్తంభం చాటున ఆగి చూశాను. వరండా నిండా ఉన్నారు. నాకు తెలియని ముఖాలు చాలా ఉన్నాయి. పిన్ని మెడ ఇటూ అటూ తిప్పుతోంది. అక్క నన్ను చూసింది, కానీ ఆపలేదు. కూర్చోమన్నట్టు వేలితో చోటు చూపించింది. నేను చెప్పులు విడిచి, సంచి పక్కన పెట్టి, పాలెం పెద్దామె పక్కన కూర్చున్నాను.

"అక్క వాళ్లాయన ఎలా ఉన్నాడు?" అని చెవిలో అడిగాను.

"బానే ఉన్నాడు," అంది. "కోపం ఎక్కువైంది. తింటున్నాడు."

"ఎవరే అక్కడ మాటలు?" అంది అక్క. మేమిద్దరం నోరు మూసుకుని ఊపిరి పీల్చాం.